పర్సోం పడిన మంచు

ఇది రాసి పెట్టక తప్పడం లేదు. ఇవాళ పొద్దున రోజూలాగే యూనివర్సిటీ లోపల వాకింగ్ చేస్తుంటే, కొత్తగా మాతో కలిసిన ఒకావిడతో మా వదిన, "పర్సోం మేం హిమాలయాలకు పోయినం. కొండ మీద మస్తు చెరువున్నది గాడ. ఈమెనే ఊకె భయపడ్డది" అంది. మేం వెళ్లొచ్చి ఆరేళ్లయింది. భయపడింది ఇద్దరమూ. పోతే, ఆ "పర్సోం" అన్న మాటే మమ్మల్ని చంపబోయింది.

వదిన అంటే పక్క వాటా ఆవిడ, పుట్టిల్లు వారాసిగూడ. తార్నాకలో పాతికేళ్లుగా ఒకే గోడకు అటూ ఇటూ ఉంటున్నాం, ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం. నేను కాలేజీ మెట్లెక్కలేదు, కానీ మా వీధి చివరి గ్రంథాలయంలో నేను చదవని బీరువా లేదు. ప్రయాణానికి ముందు కొండలెక్కడం గురించి దొరికిందల్లా చదివి నోట్సు రాసుకున్నాను. వదిన మాత్రం, "నీకు పుస్తకం వస్తది, నాకు హిందీ వస్తది. ఇగ ఏం గావాలె?" అని తేల్చేసింది.

చివరి మజిలీలో, మాతో వచ్చిన మా ఆయనకి పొట్ట చెడింది. గైడు ఆయన దగ్గర ఆగిపోయి, సరస్సు గంట నడకేనని మా ఇద్దరినీ పంపాడు. ఒకటే షరతు: పైనుంచి ఎవరొచ్చినా మంచు సంగతి అడగాలి, కొత్తగా పడిందంటే అక్కణ్ణించే వెనక్కి తిరగాలి. సగం దారిలో గొర్రెలు తోలుకుంటూ ఒక ముసలాయన దిగాడు. వదిన అడిగింది. ఆయన "పర్సోం" అంటూ ఏదో చెప్పాడు. "ఎప్పుడో పడ్డదంట, నడు" అంది వదిన. మా హైదరాబాదులో పర్సోం అంటే పోయిన వారం కావచ్చు, పెళ్లికి ముందు కావచ్చు, ఎవరూ లెక్క కట్టరు. ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. మేం షుక్రియా చెప్పి కదిలాం.

మలుపు తిరగగానే సరస్సు కనబడింది, నీలిమందు కలిపిన బకెట్టు నీళ్లలా. కానీ దాని పైనున్న వాలులో కాలిబాట మంచు కిందకి పోయింది. "పాతదే కదా, గట్టిగుంటది" అని వదిన ముందు నడిచింది. నేను వెనకాలే. సరిగ్గా మధ్యలో నా కాలి కింద పొర కదిలింది. కూలబడ్డాను. కుడికాలికి కింద ఏమీ తగలడం లేదు. సూటిగా కింద ఆ నీలం నీళ్లు, చప్పుడన్నది లేదు. వదిన వెనక్కి వంగి నా మణికట్టు పట్టుకుంది, ఆమె గాజులు నా చేతిలోకి దిగుతున్నాయి.

"జారితే ఏం జేయాల్నో నీ పుస్తకంల ఉన్నదా?"

"ఉంది. ఎడమ పేజీలో, బొమ్మ కింద."

"ఏమున్నది?"

"గుర్తు రావడం లేదు."

"బొమ్మ మాత్రం గుర్తున్నది నీకు" అంది వదిన. పట్టు ఇంకా బిగించింది. ఊపిరి గట్టిగా పీల్చినా మంచు జారుతుందేమోనని నాకు భయం. మా ఆయన మందులు నా సంచీలోనే ఉండిపోయాయని ఒకటే ఆలోచన.

ఆ ముసలాయన వెళ్లిపోలేదట, మా వెనకే అరుచుకుంటూ వచ్చాడట. కర్రతో మంచులో ఒక్కొక్క మెట్టే తవ్వుకుంటూ మమ్మల్ని చేరి, ఒక్కొక్క అడుగే వేయించి నేల మీదకి లాగాడు. అప్పుడు రెండు వేళ్లు చూపించి, "పర్సోం. దో దిన్" అన్నాడు. వదిన ఆ రెండు వేళ్లనే చూస్తూ, "నేను ఏమనుకున్ననంటే" అని ఆగిపోయింది. తిరుగు ప్రయాణమంతా మళ్లీ హిందీ ఎత్తలేదు. కాచిగూడ స్టేషన్‌లో ఆటో బేరం కూడా తెలుగులోనే ఆడింది.

తిరిగొచ్చాక గ్రంథాలయంలో హిందీ నిఘంటువు తీశాను. పర్సోం: మొన్న. అన్ని బీరువాలూ చదివిన దాన్ని, మాకు వచ్చిన భాషే కదా అని ఆ ఒక్క పుస్తకం ముట్టుకోలేదు. తప్పులో సగం నాది.

పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలంటే ఆ ముసలాయన పేరు మేం అడగనే లేదు. ఆయనకీ, మా కోసం ఎదురొచ్చిన గైడుకీ, గాజుల గాట్లు పడేలా పట్టుకుని చేయి వదలని మా వదినకీ నేను రుణపడ్డాను. ఆవిడ ఇప్పటికీ పర్సోం అనే అంటుంది. ఆరేళ్లయిందని దిద్దుదామని నోటిదాకా వస్తుంది కానీ, మంచు కాలి కింద కదిలింది నాకూ మొన్ననే.