మావయ్యగారి రంపం, నా ఆకురాయి

ఆ రోజుల్లో కొత్తకోడలు అడగదగ్గ ప్రశ్నలు నాలుగో అయిదో ఉండేవి. పప్పులో ఉప్పెంత వెయ్యమంటారు, తోడుకి మజ్జిగ ఎక్కడుంది, స్నానానికి నీళ్లు తోడమంటారా... అంతే. అంతకు మించి ఏది అడిగినా "పిల్లకి నోరెక్కువ" అని వీధిలో పేరొచ్చేది. నాకేమో పుట్టుకతోనే ఎందుకు, ఎలా అనే జబ్బు. మా నాన్న బొబ్బిలిలో గుళ్లో వీణ వాయించేవారు, ఇంట్లో పిల్లలకి పాఠం చెప్పేవారు. నేను పాఠానికి కూర్చుని, సరళీ స్వరాలు వదిలేసి, "మెట్లు మైనంతోనే ఎందుకు నిలబెడతారు నాన్నా, మేకులు కొడితే ఏం?" అని అడిగేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని, శ్రుతి సరిచేసుకుంటున్నట్టు నటించి, నన్ను వదిలి మా చెల్లెలికి పాఠం మొదలుపెట్టేవారు. అరవై ఏడులోనో అరవై ఎనిమిదిలోనో నాకు పెళ్లయింది. బొబ్బిలికి పదిమైళ్ల దూరంలోని పల్లెకి కాపురానికి పంపుతూ మా అమ్మ ఒకటే మాట చెప్పింది: "అక్కడ ఏదైనా వింతగా కనబడితే, నోరు మూసుకుని చూడు."

నా అదృష్టమో దురదృష్టమో గాని, ఆ ఊళ్లోకెల్లా వింత వస్తువు మా అత్తవారి పెరట్లోనే ఉంది. మా మావయ్యగారు లెక్కల మేష్టారు. రిటైరైన మర్నాటి నుంచి ఆయనకి తోచలేదట. ఎక్కడో మూతపడ్డ కోతమిల్లు సామాను వేలం వేస్తున్నారని తెలిసి, పంచాంగం కొనడానికని ఇంట్లో చెప్పి వెళ్లి, రెండెడ్లబండి మీద నాలుగడుగుల రంపపు చక్రం, దాని బల్ల, పట్టాల మీద నడిచే చిన్న ట్రాలీ, దగ్గుతూ తిరిగే పాత ఆయిల్ ఇంజను వేసుకుని వచ్చారు. (పంచాంగం తేలేదు.) వ్యాపారానికి కాదు, కేవలం సరదా. ఊళ్లో ఎవరింట మామిడికొమ్మ విరిగినా ఈయనే వెళ్లి బతిమాలి తెచ్చుకుని కోసిపెట్టేవారు. మా ఆయన ఉద్యోగం ట్రైనింగుకని బయట ఊళ్లో ఉండేవారు కాబట్టి, కాపురానికి వచ్చిన మొదటి రోజున ఇల్లు చూపించింది మా అత్తయ్యే. పెరట్లోకి తీసుకెళ్లి ఆ చక్రాన్ని చూపిస్తూ, "ఇదేనమ్మా ఈ ఇంటికి పెద్దకోడలు. నీకంటే ఏడాది ముందొచ్చింది. పళ్లు కూడా నీకంటే ఎక్కువే. మీ మావయ్య మాటాడేది దీంతోనే" అంది.

వారం రోజులు అమ్మ మాట నిలబెట్టుకున్నాను. వంటింటి కిటికీలోంచి చూస్తే, ఇంజను ఊపందుకోగానే ఆ పళ్లన్నీ మాయమై గాలిలో బూడిదరంగు బిళ్ల ఒకటి నిలబడేది. ఎనిమిదోరోజున ఆగలేక అడిగేశాను: "మావయ్యగారూ, పళ్లు ఒకటి అటూ ఒకటి ఇటూ ఎందుకు వంగి ఉన్నాయి?" ఆయన ఇంజను ఆపేశారు. నలభై ఏళ్ల ఉద్యోగంలో తనంతట తాను ప్రశ్న అడిగిన మొదటి మనిషిని నేనేనేమో, నన్ను ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి గంటసేపు పాఠం చెప్పారు. పళ్లు అటూ ఇటూ వంగితేనే కోత చక్రం మందం కంటే వెడల్పుగా పడుతుంది, లేకపోతే చక్రం కర్రలో ఇరుక్కుంటుంది. పన్నుకీ పన్నుకీ మధ్యనున్న గుంట, రంపపుపొట్టును మోసుకుపోవడానికి. పళ్లు మొద్దుబారితే ఆకురాయితో అరగదియ్యాలి. చివర్లో గొంతు తగ్గించి, ఇంటి రహస్యం చెబుతున్నట్టు చెప్పారు: "కొన్నప్పుడు ఈ చక్రం వంకరగా ఉండేదమ్మా. నడిమధ్యన పళ్లెంలాగ రవ్వంత దిగి ఉండేది. వారం రోజులు నాపరాయి మీద పడుకోబెట్టి, అంచు చుట్టూ సుత్తితో కొట్టి, స్కేలు పెట్టి చూసి తిన్నగా చేశాను. ఇప్పుడు చూడు, అద్దం!"

అద్దమే. కాని ఆ అద్దం ఓ పదినిమిషాలు తిరిగి వేడెక్కిందంటే కల్లుపాకలోంచి వస్తున్నవాడిలా ఊగేది. బల్లచెక్కలు అలలు అలలుగా వచ్చేవి. ఊళ్లోవాళ్లు మొహమాటానికి పట్టుకెళ్లి పశువులశాలకి కొట్టుకునేవారు. మావయ్యగారు మాత్రం తప్పు కర్రమీదకి తోసేసేవారు. "ఈ చింతకి క్రమశిక్షణ లేదు" అనేవారు, వెనకబెంచీ కుర్రాణ్ణి చూసినట్టు దుంగని చూస్తూ.

ఇలా ఉండగా ఓనాడు మా నాన్న నన్ను చూడ్డానికి వచ్చారు. భోజనాల దగ్గర మాటల్లో, ఆరేళ్లుగా నీడన ఆరబెట్టిన పనసదుంగ గురించి చెప్పారు. బొబ్బిలిలో మా పెరట్లో గాలివానకి పడిన చెట్టు అది. సరిగ్గా నడిమికి చీలిస్తే రెండు వీణలవుతాయి. నాన్న వీణకి బోలుగా తొలిచిన కుండ పగిలి చాలా రోజులైంది, ఒకటి ఆయనకి. రెండోది నాకు. కోత ఓ రెండంగుళాలు పక్కకి పోయిందా, ఒక వీణే మిగులుతుంది. "చేతిరంపం కోతగాళ్లని మాటాడాను" అన్నారు నాన్న. మావయ్యగారు ముద్ద చేతిలోనే ఉంచి, "బావగారూ! పెరట్లో మిషను పెట్టుకుని చేతిరంపమా? ఎవరైనా వింటే నవ్విపోతారు. ఆదివారం బండి మీద పంపించండి" అన్నారు. వియ్యంకుడి మాట కాదనడం నాన్నకి చేతకాదు. నావంక ఒకసారి చూశారు. నేను పెరుగు తేవడానికి లోపలికి వెళ్లిపోయాను.

ఆ మూడురోజులూ నాకు అన్నం సయించలేదు. ఆ అలల చెక్కలు చూసినదాన్ని కదా, కళ్లముందు మా పనసదుంగ పాములా మెలికలు తిరిగేది. బాగా ఆలోచించి (అని అప్పుడనుకున్నాను) పళ్లు మొద్దుబారాయని తేల్చేశాను. శుక్రవారం మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తూంటే, ఆకురాయి పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. ఎక్కడ మొదలుపెట్టానో మర్చిపోకుండా మొదటి పన్నుకి కుంకుమబొట్టు పెట్టాను. చక్రానికి ఒకవేపు గోడ అడ్డం. అందుకని రెండోవేపు నిలబడి, చేత్తో తిప్పుకుంటూ, నలభై పళ్లూ అటునించే అరగదీశాను. రెండుచోట్ల వేళ్లు కోసుకుని పసుపు అద్దుకున్నాను. ప్రతి పన్నూ మెరిసిపోతూంటే ఒళ్లంతా గర్వం.

మర్నాడు పొద్దున్న అత్తయ్య ఆ బొట్టు చూసి, ఎవరో పూజ చేశారనుకుని చెంపలు వేసుకుని వెళ్లిపోయింది. మావయ్యగారు బొట్టు చూడలేదు. సరిచూద్దామని ఓ మామిడిదుంగ ఎక్కించారు. చక్రం ఇదివరకు ఊగేది, ఇప్పుడు ఊగుతూ పక్కకి పోవడం కూడా నేర్చుకుంది. చెక్క ఒక కొసని పీటంత మందం, రెండో కొసని అప్పడమంత పల్చన. మావయ్యగారు ఇంజను ఆపి, ఆ చెక్కని ఒళ్లో పెట్టుకుని అరుగుమీద కూర్చుండిపోయారు. ఈసారి మామిడిని ఏమీ అనలేదు. అది చూసి నాకు మరింత భయమేసింది.

అత్తయ్యే వచ్చి నిలబడింది. "రేపు వియ్యంకులవారు దుంగ పట్టుకొస్తారు. లెక్కలు కట్టుకుంటూ కూకుంటే అవుతుందేటి? ఆ సిలీపర్ల తాతని పిలుస్తాను" అంది. సిలీపర్ల తాత ఊరి చివర ఉండేవాడు. పర్లాకిమిడి అవతల రైలు స్లీపర్లు కోసే మిల్లులో ముప్ఫై ఏళ్లు పనిచేసి వచ్చినవాడు. "వాడికి సంతకం రాదు" అన్నారు మావయ్యగారు నీరసంగా. "రంపం సంతకం అడగదు" అని అత్తయ్య చెప్పులేసుకుంది.

తాత రెండు సుత్తులు గుడ్డలో చుట్టుకుని వచ్చాడు. బొటనవేలితో పళ్లు తడుముతూ చక్రమంతా ఒకసారి తిప్పాడు. "ఈ పళ్లు ఎవుడు అరగదీసినాడు బాబూ? ఒక్కేపు నించే తీసినాడు. అందికే అటేపు లాగేత్తంది."

"ఎవరూ ముట్టుకోలేదు" అన్నారు మావయ్యగారు.

"ముట్టుకోకపోతే ఈ మెరుపేటి?"

అత్తయ్య నావంక చూసింది. నా పసుపు వేళ్లవంక చూసింది. పుట్టింటికి పంపేస్తారన్న భయం, నాన్న ముఖం, ఆరేళ్ల దుంగ అన్నీ ఒక్కసారి మీదపడ్డాయి. "నేనే మావయ్యగారూ. పదునైతే బాగా కోస్తుందనుకున్నాను" అన్నాను. ఆ తరవాత ఏడ్చేశాను.

మావయ్యగారు లేచి చక్రం దగ్గరికి వచ్చారు. తిడతారనుకున్నాను. మెరుస్తున్న పన్ను ఒకటి పట్టుకుని, "ఏ కోణంలో అరగదీశావు?" అన్నారు.

తాత పకపకా నవ్వేశాడు. "నలభై పళ్లూ ఒక్కదానివే తీసినావా తల్లీ? సేతికి ఏళ్లున్నాయేటి, సూడనీ!" తరవాత చక్రం ఊడదీయించి, నిలువునా నిలబెట్టి, మధ్యలో మట్టపుబద్ద ఆనించి దాని కిందనించి వెలుగు కోసం చూశాడు. మావయ్యగారికి కాస్త ప్రాణం లేచొచ్చి, "అద్దంలా ఉంది కదూ? నేనే తిన్నగా కొట్టాను" అన్నారు.

"అదే కొంప ముంచినాది బాబూ" అన్నాడు తాత. "పిల్లది పళ్లే పాడుసేసినాది. తవరు నడుమే ఇరగ్గొట్టినారు. ఇది పరిగెత్తినప్పుడు అంచు సాగుతాది. మద్దెలో కాత్త వొదులుంటే, ఆ సాగుడుకి సరిపోయి తిన్నగా నిలబడతాది. తవరు నిలబడ్డప్పుడే తిన్నగా సేసేసినారు. ఇంక పరిగెత్తినప్పుడు ఊగక ఏటి సేత్తాది?"

నేను ఏడుపు ఎప్పుడు ఆపానో తెలియదు. ఆగి ఉన్నప్పుడు వంకరగా ఉంటేనే తిరిగేటప్పుడు తిన్నగా ఉంటుందట! "ఎంత వదులుండాలో ఎలా తెలుస్తుంది తాతా?" అన్నాను కళ్లు తుడుచుకుంటూ. "కంటితో, సేత్తో, సెవితో" అని అతను చక్రాన్ని కమ్మరింటి నుంచి తెప్పించిన దాగలి మీద పడుకోబెట్టి, నడిమికి దగ్గరగా వరసలు వరసలుగా మెల్లగా కొట్టడం మొదలుపెట్టాడు. కొంతసేపు కొట్టడం, నిలబెట్టడం, వెలుగు చూడడం, అరచేత్తో నొక్కడం, మళ్లీ కొట్టడం. మొదట బిగుసుకుని టంగుమన్న ఇనుము రానురాను లోతుగా మోగింది. ఆ తేడా నేను పట్టుకుని "శ్రుతి తగ్గింది తాతా!" అంటే, "హెలా!" అన్నాడు. (ఒడియాలో 'అయింది' అని. ఆ మిల్లు నుంచి తెచ్చుకున్న మాట.) మావయ్యగారు నేలమీద చతికిలబడి, నోటుపుస్తకంలో వలయాలు గీస్తూ, "నలభై ఏళ్లు సరళరేఖలు చెప్పాను. ఒక్కడూ నాకీ ముక్క చెప్పలేదు" అన్నారు.

"తవరు ఎవుడినీ నోరిప్పనిత్తే గదా బాబూ. మావోడు తవరి దగ్గిరే మూడేళ్లు సదివినాడు" అన్నాడు తాత, సుత్తి ఆపకుండా.

పళ్లు మాత్రం తాత సరిచెయ్యలేదు. "సెడగొట్టినదానివే దిద్దు" అని ఆకురాయి నాకిచ్చాడు. పన్ను విడిచి పన్ను ఇటునించి, మిగిలినవి అటునించి, ఒక్కోదానికి ఒకేన్ని రాపిళ్లు. నేను అరగదీస్తూంటే మావయ్యగారు పక్కన నిలబడి ఎక్కం చెప్పించినట్టు పైకి లెక్కపెట్టారు. పొద్దువాలేసరికి నలభయ్యో పన్ను అయింది.

ఆదివారం దుంగతో నాన్న వచ్చారు. ఇంజను మొదలవగానే చక్రం ఒక్క క్షణం అటూ ఇటూ తూలింది. నాన్న నా చెయ్యి పట్టుకున్నారు. వేగం అందుకునేసరికి గీత గీసినట్టు నిలబడిపోయింది. మావయ్యగారు ట్రాలీ తోశారు. తాత కొబ్బరిపీచుతో నీళ్లు చిలకరించాడు. పనసపొట్టు పసుపుపచ్చగా ఎగిరి నాన్న కండువా మీద పడింది. దుంగ రెండుగా విడిపోయింది. నాన్న వంగి, రెండు ముఖాల మీదా అరచెయ్యి ఆ కొసనించి ఈ కొసదాకా రాసి చూశారు. "సమంగా ఉంది బావగారూ" అన్నారు.

ఆ మెచ్చుకోలు మావయ్యగారు తన ఖాతాలో వేసుకున్నా మేమెవరం పెదవి విప్పేవాళ్లం కాదు. ఆయన మాత్రం, "దీని పళ్లు మీ అమ్మాయి పాడుచేసింది. నడుం నేను పాడుచేశాను. బాగుచేసింది ఈయన" అని తాతని చూపించారు. నాన్న కంగారుపడి, "అడక్కుండా ముట్టుకుందా?" అన్నారు. "అడిగితే వద్దనేవాణ్ణి. మేము ఈయన్ని పిలిచేవాళ్లం కాదు. మీ దుంగ అలలైపోయేది" అని మావయ్యగారు లెక్క రుజువు చేసి, తాతకి తన పడకకుర్చీ వేశారు. ఆనాటి నుంచి ఆ పెరట్లో మధ్యాహ్నాలు ముగ్గురం కూర్చునేవాళ్లం. మేష్టారు ఒకరే, ఆయనకి సంతకం రాదు.

నా వీణ ఏడాదికి తయారైంది. అది తొలుస్తున్న రోజుల్లో బొబ్బిలి వెళ్లినప్పుడల్లా నేను వీణలు చేసే వడ్రంగి దగ్గర చేరి, ఈ ఉలి ఎందుకు వంపు తిరిగింది, కుండ గోడ ఎంత పల్చనైతే చాలని ఎలా తెలుస్తుంది అని ప్రాణం తీసేదాన్ని. ఓరోజు అతను ఉలి కింద పెట్టి, "అమ్మా, నీకు కావలసింది వీణా, నా ఉద్యోగమా?" అని అడిగాడు. నిజం చెప్పాలంటే ఆ వీణమీద నేను రెండు గీతాలకి మించి వాయించలేదు, అవైనా నాన్న ఊళ్లో లేనప్పుడు. ఇప్పుడది మా చెల్లెలి కూతురి దగ్గర ఎంతో చక్కగా పలుకుతోంది. తను కచేరీ చేస్తూంటే ముందువరసలో కూర్చోబెడతారు నన్ను. రాగం నడుస్తూంటే అందరూ తలలూపుతారు. నేనూ ఊపుతాను. కాని నా కళ్లు మాత్రం, తీగ చుట్టిన ఆ బిరడా జారకుండా దేంతో బిగించారా అని వెతుకుతూంటాయి.