మిఠాయిలు నిండిన రోజు

నా కూతురి ఫోనులో ఒక జంతువు ఉండేది. కుందేలు చెవులు, తాబేలు వీపు, మా చేల మట్టి రంగు. వేలితో కడుపు దగ్గర రుద్దితే వెల్లకిలా పడి నాలుగు కాళ్లూ గాలిలో ఆడించేది. ఇప్పుడు అలా చేయదు. అది నా చేతుల మీదుగానే జరిగింది. ఎలా జరిగిందో రాద్దామని కూర్చున్నాను. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది కాబట్టి తప్పులుంటే దిద్దుకొని చదువుకోండి.

ఆ ఆట తెలియనివాళ్లకు నాకు అర్థమైనంత చెబుతాను. మొదట మూడు జంతువులను చూపించి ఒకదాన్ని ఎంచుకోమంటుంది. ఎంచుకున్నది ఇక మనది. దాన్ని వెంటబెట్టుకొని మనం నిజంగానే నడవాలి. ఫోను మన వెంట ఉంటే చాలు, నడిచిన దూరాన్ని బట్టి దానికి మిఠాయిలు వస్తాయి. గుడి దగ్గరా బస్టాండు దగ్గరా వేరే జంతువులు ఎదురైతే వాటితో కొట్లాడించి మనదానికి బలం పెంచాలి. మిఠాయిలు నిండాక కింద ఒక బొత్తాం వెలుగుతుంది. దాన్ని నొక్కితే జంతువు రూపం మారి పెద్దదవుతుంది. పిల్లలు దాన్ని ఎవాల్వ్ అంటారు. మారింది మళ్లీ వెనక్కి రాదు.

నా కూతురు ఓర్వకల్లు దాటాక ఉన్న ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి పోయేది. అల్లుడు ఇంకో సంసారం పెట్టుకుంటే రెండేళ్ల పిల్లను చంకనేసుకొని నా ఇంటికి వచ్చేసింది. ఆ పిల్ల ఏడో తరగతికి వచ్చిన సంవత్సరం తల్లీకూతుళ్లిద్దరూ ఈ ఆట మొదలుపెట్టారు. పిల్ల నిప్పులు కక్కే పిట్టను కావాలంది. తల్లి ఒప్పుకోలేదు.

"పిట్ట ఎగిరిపోతాది మ్మే. దీన్ని చూడు, మన చేను మాదిరే ఉండాది. యాడికీ పోదు."

ఉయ్యాలలో ఉన్నప్పుడు తన బిడ్డను పిలుచుకున్న ముద్దుపేరే దానికీ పెట్టింది. ఆ పేరు ఇక్కడ రాయను.

సాయంత్రం పని నుంచి రాగానే ఇద్దరూ ఊరికి దగ్గర్లోని రాళ్లకొండల వైపు నడిచిపోయేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

"పొద్దంతా నిలబడి వచ్చిన కాళ్లు నొయ్యవా నీకు? ఉత్తపుణ్యానికి రాళ్ల చుట్టూ తిరుగుతాండారు."

"నడిస్తేనే కదమా దానికి తిండి."

"ముందు నీ కూతురికి తిండి పెట్టు. చీపురుపుల్ల మాదిరి ఉండాది."

"నువ్వూ రా అవ్వా, నీ అడుగులు కూడా దానికి పనికొస్తాయి," అనేది మనవరాలు.

"నా అడుగులు నా చేనికే చాలడం లేదు, పో."

చలి మొదలయ్యే రోజుల్లో నా కూతురికి జ్వరం వచ్చింది. వారానికి కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లు ముదిరాయని చెప్పి కర్నూలు ఆసుపత్రిలో చేర్చుకున్నారు. నేను దానితోనే ఉండిపోయాను. పిల్లకు మా తోడికోడలు వండిపెట్టేది. ఆదివారం వస్తే బస్సెక్కించి పంపేది. అరగంట దారి, అంతే.

మొదటి ఆదివారం ఆ ఇద్దరినీ చూస్తే అది ఆసుపత్రని అనిపించలేదు. తల్లి నడవలేదు కనుక పిల్లే ఫోను పట్టుకొని వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతుంటే మంచం మీద నుంచి తల్లి, "ఇంకొంచెం, ఇంకొంచెం," అంటోంది. నర్సమ్మ కూడా నవ్వింది. "ఏం పాపా, మా వరండా అరిగిపోతాది, కొత్త బండలు నువ్వే పరిపించాల."

రెండో ఆదివారం మిఠాయిలు దగ్గరపడ్డాయి. ఇంకో పది పదిహేను రోజులు నడిస్తే నిండుతాయని పిల్ల చెప్పింది. నా కూతురు ఫోనును ఒళ్లో పెట్టుకొని జంతువు కడుపు రుద్దింది. అది వెల్లకిలా పడింది. అప్పటికి నా కూతురి వేళ్లు కూడా పసుపు రంగుకు తిరిగాయి.

"నిండినా నొక్కొద్దు. నేను ఇంటికొచ్చినాక ఇద్దరం కలిసి నొక్కుదాం."

"ఒట్టా?"

"ఒట్టే. అందాకా నువ్వే నడిపించు దీన్ని."

నేను పక్కనే కూర్చొని బత్తాయి ఒలుస్తున్నాను. ఆ మాట నా చెవిన పడింది. జబ్బు మనిషి పిల్లను బుజ్జగిస్తోంది అనుకున్నానే తప్ప మనసులో పెట్టుకోలేదు. పిల్ల ఫోను తీసుకొని ఊరికి పోయింది.

మూడో ఆదివారానికి పిల్లకు పరీక్షలు వచ్చాయి. తోడికోడలికి ఫోను చేసి పిల్లను పంపొద్దన్నాను. పిల్ల ఫోను లాక్కొని, "ఎందుకు రావద్దు?" అని అడిగింది. "మీ అమ్మే వద్దంటాంది. చదువుకోమంటాంది," అన్నాను. నా మాట వినదు, తల్లి మాటైతే వింటుందని అలా అన్నాను. నన్ను ఐదో తరగతిలో బడి మాన్పించి చేనికి తోలారు. నా ఇంట్లో ఇంకో ఆడపిల్ల చదువు పాడు కాకూడదనుకున్నాను. ఈ వారం కాకపోతే వచ్చే వారం చూసుకుంటుంది, తల్లి యాడికి పోతుంది అనుకున్నాను.

నా కూతురు మాత్రం రోజూ అడిగేది. "పాప రాలేదామా?" అని. పరీక్షలుండాయి, వస్తాది అనేదాన్ని. మరుసటి ఆదివారం కూడా పిల్లను రానివ్వలేదు, ఇద్దరికీ అవే మాటలు చెప్పాను. ఆ తర్వాతి గురువారం పొద్దున నా కూతురు పోయింది. పిల్ల అప్పుడు బడిలో లెక్కల పరీక్ష రాస్తోంది.

పిల్ల ఏడవలేదు. పెద్దకర్మ దాకా వచ్చిన చుట్టాలందరూ పిల్లను పట్టుకొని ఏడ్చారు. అది మాత్రం వాళ్లెవరో తనకు తెలియనట్టు చూస్తూ కూర్చుంది. చిన్నపిల్ల, ఇంకా తెలియలేదని ఒకరన్నారు. గుండె గట్టిదని ఇంకొకరన్నారు. తల్లి తనను రావద్దందన్న మాట అది మోస్తోందని నాకొక్కదానికే తెలుసు. తెలిసీ నోరు తెరవలేదు. ఈ రోజు కాదు, కాస్త తేరుకున్నాక చెబుదాం అనుకుంటూ గడిపేశాను.

చనిపోయిన మనిషి ఫోనుకు రీచార్జి దేనికని దాన్ని ఆపేద్దామన్నాను. పిల్ల ఎదురు చెప్పలేదు. రెండు రోజులు రొట్టె సగం తిని లేచిపోయింది. మూడో రోజు నేనే దిగొచ్చాను.

"సరే, ఉంచుకో. నువ్వు బడికి పోయినప్పుడు ఊరికే ఇంట్లో పడుండే బదులు నేను చేనికి తీసుకపోతా. ఎట్లా నడిచేదే కదా."

"ఊరికే పెట్టుకొని నడువు చాలు. బొత్తాలు నొక్కొద్దు."

"నాకేం పనిలే, మ్మే."

అప్పటి నుంచి ఫోను నా వక్కాకు తిత్తిలో చేరింది. శనగచేనికి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ నా నడుము మీదే ఆ జంతువు. సాయంత్రం పిల్ల బడి నుంచి రాగానే తిత్తి విప్పి ఫోను తీసి కడుపు రుద్దేది. అది కాళ్లాడించేది. రోజంతటిలో పిల్ల పెదవి కొస కదిలేది అప్పుడు ఒక్కసారే. ఆ ఒక్క కదలిక కోసం నేను కావాలనే పెద్ద గట్టు చుట్టి నడవడం మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పలేదు. చేను దగ్గర నీడన కూర్చున్నప్పుడు నేను కూడా ఫోను తీసి వేలితో రుద్దేదాన్ని. "ఎండగా ఉండాది కదమ్మే," అని మాట్లాడించేదాన్ని కూడా.

శనగ పూతకు వచ్చిన వారంలో బొత్తాం వెలిగింది. ఇంగ్లీషు నేను చదవలేను కానీ మిఠాయిలు నిండాయని మాత్రం తెలిసింది. ఒక వారం పోయింది, రెండు వారాలు పోయాయి, పిల్ల దాన్ని నొక్కలేదు. చూడలేదేమో, మరిచిపోయిందేమో అనుకున్నాను. కోతలయ్యాక ఎదుటివాళ్ల చేలల్లో రాలిన గింజ కూడా ఏరుకొచ్చుకున్న మనిషిని నేను. పండిన దాన్ని కోయకుండా వదిలేయడం నా పుట్టుకలోనే లేదు. ఇన్నాళ్లూ నా కాళ్లు నడిచి కూడబెట్టింది అక్కడ ఊరికే వెలుగుతూ ఉంటే రోజూ చేయి లాగేది.

పరీక్షల మార్కులు వచ్చిన రోజు పిల్ల తరగతిలో రెండోది అయిందని పంతులమ్మ బడి వాకిట్లో నాకు చెప్పింది. పిల్లను మెచ్చుకోవడం నాకు చేతకాదు. చేతకాని ఆ మాటకు బదులుగా ఇది చేద్దామనుకున్నాను. చేనికి పోయి గట్టు మీద కూర్చొని బొత్తాం నొక్కాను.

తెరంతా తెల్లగా అయిపోయింది. ఏదో పాట మోగింది. ఆ తెలుపులోంచి ఒక కొత్త జంతువు లేచి నిలబడింది. చెవులు పోయి కొమ్ములు వచ్చాయి. వీపు మీద ముళ్లు. గొంతు కూడా బొంగురు. పెయ్యదూడ ఆవైనంత సంబరపడ్డాను. ఆ రోజు పని సగంలో వదిలి ఇంటికి వచ్చాను, నా బతుకులో ఎన్నడూ చేయని పని.

"చూడు మ్మే, నీది ఎంత పెద్దదయిందో. నేనే నొక్కినా."

పిల్ల ఫోను తీసుకొని చూసింది. వేలితో కడుపు దగ్గర రుద్దింది. జంతువు కాలు నేలకేసి కొట్టి గుర్రుమంది. మళ్లీ రుద్దింది. మళ్లీ గుర్రుమంది.

"నువ్వు నొక్కినావా?"

"నిండి ఎన్నాళ్లయిందో చూసుకోలేదా నువ్వు? ఊరికే పెట్టుకుంటే ఏమొస్తాది?"

"నన్ను అడగాల్సింది అవ్వా."

ఫోను నా చేతిలో పెట్టి లోపలికి పోయి పుస్తకం తెరుచుకుంది. ఆ వాకిట్లో నిలబడి ఉండగానే, "ఇద్దరం కలిసి నొక్కుదాం" అని ఆసుపత్రి మంచం మీద నా కూతురు అన్న మాట, అప్పుడు నా చేతిలో ఉన్న బత్తాయి వాసనతో సహా, గుర్తొచ్చింది.

మరుసటి రోజు ఓర్వకల్లులో సెల్లు షాపుకు పోయాను. షాపతను నాకు తెలిసినవాడే.

"పెద్దదాన్ని మళ్లా చిన్నది చేసే దోవ ఏమన్నా ఉండాదా అప్పా?"

"నిన్ను మళ్లా పడుచుపిల్లను చేయగలమా అవ్వా? ఇదీ అంతే." నవ్వి, నా ముఖం చూసి ఆపేశాడు. "ఇదే జాతిది చిన్నది రాళ్లకొండల కాడ దొరుకుతాది. పట్టుకుందువు రా, ఎట్ల పట్టాల్నో చూపిస్తా."

అతను చూపించినట్టే మూడు రోజులు రాళ్లకొండల చుట్టూ తిరిగాను. ఫొటోలు దిగడానికి వచ్చినవాళ్లు నన్ను చూసి, "అవ్వ కూడా ఆడుతుందే," అని నవ్వుకున్నారు. మూడో రోజు ఒకటి పడింది. అదే చెవులు, అదే రంగు. కడుపు రుద్దితే వెల్లకిలా పడింది. సాయంత్రం పిల్లకిచ్చాను. చాలాసేపు చూసింది. నా కష్టాన్ని చిన్నబుచ్చకూడదని అనుకుందేమో, "బాగుండాది," అంది.

తర్వాత మెల్లగా, "దీన్ని అమ్మ చూడలేదు కదవ్వా," అంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం పంచలో ఇద్దరం కందికాయలు ఒలుస్తున్నప్పుడు చెప్పేశాను. ముందూ వెనకా ఏమీ లేకుండా చెప్పాను.

"ఆ రెండు ఆదివారాలు నిన్ను రావద్దన్నది మీ అమ్మ కాదు. నేనే. పరీక్షలు పోతాయని ఆమె పేరు చెప్పినా."

పిల్ల చేతులు ఆగాయి. ఒడిలోని కాయలు కింద పడుతున్నా పట్టించుకోలేదు.

"అమ్మ నన్ను అడిగిందా?"

కాదంటే బాగుండునేమో. దాని ముఖం చూశాక ఇంకో అబద్ధానికి నోరు రాలేదు.

"అడిగింది."

"ఎన్ని తూర్లు?"

"రోజూ. పొద్దున ఒకతూరి, దీపాలు పెట్టేప్పుడు ఒకతూరి."

అప్పుడు ఏడ్చింది. తల్లి పోయాక అదే మొదటిసారి. గోడకు ఆనుకొని మోకాళ్ల మీద తల పెట్టుకొని, చిన్నప్పుడు ఏడ్చినట్టు శబ్దం చేస్తూ ఏడ్చింది. నేను చేయి వేస్తే తోసేసింది. ఆ చేయిని నా ఒళ్లోనే పెట్టుకొని, అది ఆగిందాకా పక్కనే కూర్చున్నాను. నా కళ్లలో నీళ్లు రాలేదు. వచ్చినా ఆ పిల్ల ముందు ఏడిచే మొహం నాకు లేదు.

నన్ను క్షమించిందో లేదో అడగలేదు. నాకు నీళ్లు తోడిపెడుతుంది, బడి సంగతులు చెబుతుంది, జడ వేయించుకుంటుంది. తల్లి గురించి మాత్రం నాతో మాట్లాడదు. నేను పట్టి తెచ్చిన చిన్నదాన్ని ఫోనులో ఒక మూలన ఉంచింది. నడిపించేది పెద్దదాన్నే. బడి నుంచి వచ్చి సాయంత్రం గట్ల మీద నడుస్తూ, ఫోనును ముఖం దగ్గర పెట్టుకొని దానికి వాళ్లమ్మ సంగతులు చెబుతుంది. పాములుంటాయని నేనూ వెనకే పోతాను, మాటలు వినబడనంత దూరంలో.