ఉఫ్‌మని ఊదిన చెయ్యి

రక్తనిధిలో మా ఆవిడకు అందరూ పెట్టిన పేరు ‘ఆగండమ్మ’. రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ల మోచేతి మడతను మందు దూదితో రుద్దాక, అది దానంతటది ఆరేదాకా సూది గుచ్చదు. తుడుచుకోబోతే “ఆగండి”, ముట్టుకోబోతే “ఆగండి”. ఇంట్లోనూ అంతే. చేతులు కడుక్కున్నానని ఒట్టేసి చెప్పినా నమ్మి కంచం పెట్టదు. నేనా, టైలర్ని. పొద్దస్తమానం సూదితో బతికేవాణ్ణే గానీ, ఆవిడ చేతిలో సూది చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి. ఒకసారి రక్తం ఇద్దామని వెళ్లి, ఇవ్వకముందే దబ్బున పడ్డాను. భయపడే ప్రతివాళ్లకూ ఆ ముచ్చట చెప్పి నవ్విస్తుంది. నా పరువు అలా పదిమందికీ ఉపయోగపడుతోంది.

ఆ ఏడు మా అక్కకు రక్తానికి సంబంధించిన జబ్బు చేసింది. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచిన అక్క. మందుల ధాటికి ప్లేట్‌లెట్లు పడిపోయి, చిగుళ్ల నుంచి రక్తం కారడం మొదలైంది. అది ఆగాలంటే ప్లేట్‌లెట్లు ఎక్కించాలి. అక్కను చేర్చిన ఆసుపత్రిలోనే మా ఆవిడ పనిచేసే రక్తనిధి. అక్కడ అక్కకు సరిపడే ప్లేట్‌లెట్ల సంచి ఒక్కటే ఉంది. ఆ సంచి కోసం రక్తం తీసింది కూడా మా ఆవిడే. ప్లేట్‌లెట్లను ఫ్రిజ్‌లో పెట్టకూడదట. గది వెచ్చదనంలో, మెల్లగా ఊగే యంత్రం మీద ఉంచాలి. “అక్కడ క్రిములకూ హాయే. ఒక్కటి దూరిందంటే సంసారం పెట్టేస్తుంది” అనేది మా ఆవిడ.

సంచి ఎక్కించాల్సిన రోజు పొద్దున, ఆ రక్తం ఇచ్చినాయన తల్లి, కొడుకుతో వచ్చినప్పుడు మరిచిపోయిన గొడుగు కోసం వచ్చింది. వెళ్తూ వెళ్తూ మురిపెంగా అంది.

“మందు రాస్తే మావాడికి చురుక్కుమందమ్మా. నువ్వటు తిరిగి సూది తీస్తుంటే, నేను ఉఫ్‌మని ఊదాను. దెబ్బకు ఆరిపోయింది!”

మా ఆవిడ చేస్తున్న పని ఆపేసింది. శుభ్రం చేసిన చోట ఊదితే నోట్లోని క్రిములు అక్కడ వాలతాయి. సూదితోపాటు సంచిలోకి పోవచ్చు. పాపం, ఆ తల్లికేం తెలుసు! ఈ సంగతి ఇంకెవరికీ తెలియదు. నోరు మూసుకుంటే అక్కకు ఆ పూటే ప్లేట్‌లెట్లు అందుతాయి. కానీ నిజంగా సంచిలో క్రిములుంటే, అసలే నీరసించిన ఆ ఒంటికి ప్రాణం మీదకొస్తుంది. నేరుగా డాక్టరుగారి దగ్గరికి వెళ్లి చెప్పేసింది. ఆయన తల పట్టుకున్నారు. “అనుమానం వచ్చాక ఎలా ఎక్కిస్తామమ్మా” అని సంచిని పరీక్షకు పంపించారు. వేరే ఊరి నుంచి ఇంకోటి రావాలంటే మర్నాటి మాటే అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. అక్క గది బయట వరండాలోనే అరిచేశాను.

“నీ చాదస్తం తగలెయ్య! అక్కడ మా అక్క నోట్లో రక్తం కారుతుంటే, ఇక్కడ నీ పట్టింపులేంటే?”

“మెల్లగా మాట్లాడండి, వదిన వింటారు” అంది. అంతే.

ఆ రోజంతా మా ఆవిడ అక్క మంచం పక్కనే కూర్చుని, పెదాల మీది రక్తాన్ని తడిగుడ్డతో అద్దుతూనే ఉంది.

మర్నాడు ఇంకో సంచి వచ్చింది. ఎక్కించారు. చిగుళ్లు కుదుటపడ్డాయి. అక్క లేచి కూర్చుని, జడ సరిగ్గా వేయలేదని నర్సులతో పేచీ పెట్టుకుంటున్న రోజున పాత సంచి పరీక్ష ఫలితం వచ్చింది. అందులో ఏ క్రిమీ లేదు. శుభ్రంగా ఉందట.

ఆ మాట మా ఆవిడే వచ్చి చెప్పింది. చెప్పి బావురుమంది.

“వదినా, మిమ్మల్ని ఊరికే రోజంతా బాధపెట్టాను.”

నేనేదో అనబోయాను. “నువ్వు నోర్ముయ్యరా” అంది అక్క. మరదలి వైపు తిరిగింది.

“ఆ సంచి ముక్కూ మొహం తెలియని మనిషికి ఎక్కించాల్సిందైతే ఏం చేసేదానివే?”

“ఆపేసేదాన్ని.”

“మరి నాకు మాత్రం ఎందుకు తక్కువ చెయ్యాలే?” అంటూ అక్క ఆవిడ తలను తన ఒళ్లోకి లాక్కుంది.