పూడిమడక గుల్లల దిబ్బ

1964 ఫిబ్రవరిలో పురావస్తు శాఖ నన్ను సర్వే అసిస్టెంటుగా అనకాపల్లి పంపింది. పూడిమడక దగ్గరి గుల్లల దిబ్బను పరిశీలించడం నా పని. పూర్వకాలపు మనుషులు గుల్లల్లో మాంసం తిని, చిప్పలు ఒకేచోట పారేస్తూ పోతే ఇలాంటి దిబ్బలు ఏర్పడతాయి. కెరటాలు తెచ్చి పోసిన గుల్లలైతే మాకు పనికిరావు.

తవ్వాలంటే సూపరింటెండెంటు అనుమతి కావాలి. అడిగితే, దిబ్బ మనుషులు వేసిందేనని ముందు రుజువు పంపమన్నారు. తవ్వకుండా రుజువెక్కడి నుంచి తేను? మూడు ఉత్తరాలు రాశాను. మూడింటికీ అదే జవాబు. ఈలోగా సున్నం కాల్చేవాళ్ళు రోజూ బళ్ళకెత్తి దిబ్బను బట్టీకి తోలుకుపోతున్నారు.

ఒక ఉదయం బండికి అడ్డంగా నిలబడి, ఇది సర్కారుది, ముట్టుకోవద్దన్నాను. బట్టీ నడిపే సత్తెమ్మ తట్ట దించింది.

“కాయితం ఉందా బాబూ?”

లేదన్నాను.

“మరి బట్టీ ఆపేసి మేం ఏటి తినాల? కాయితం వచ్చినప్పుడు సూద్దాం.”

 ఆమె అన్నది నిజమే కావడంతో ఇంకా ఒళ్ళు మండింది. మరి దిబ్బ తూర్పు మూల ఎందుకు వదిలేశారని విసుగ్గా అడిగాను.

“అక్కడ గుల్లనిండా బొగ్గే బాబూ. సున్నం నల్లబడిపోతాది. ఎవులో వండుకు తిన్నట్టున్నారు.”

బట్టీవాళ్ళు పనికిరాని మట్టంతా అక్కడే పోయడంతో ఆ బొగ్గు నాకు కనబడలేదు. సత్తెమ్మ పారతో ఆ మట్టి పక్కకు లాగింది. కింద బూడిద పొర, కాలిన గుల్లలు, చేప ఎముకలు, పనిముట్లు చెక్కగా రాలిన రాతి పెచ్చులు.

అనుమతి లేకుండా మట్టి ముట్టడం నిబంధనలకు విరుద్ధం. అయినా కూర్చున్నాను. తాడు కట్టి, మట్టి లాగిన చోట కనిపించే పొరలన్నీ కొలతలతో గీశాను. కాలం తేల్చడానికి కొంత బొగ్గు సంచిలో కట్టి చీటీ వేశాను. ఆ మూడు రోజులూ సత్తెమ్మ బళ్ళను రెండో కొసకు పంపింది.

నివేదిక పంపితే ముందు వచ్చింది మెమో, అనుమతి లేకుండా మట్టి ఎందుకు కదిపావో సంజాయిషీ ఇమ్మని. అనుమతి జులైలో వచ్చింది. అప్పటికి వానలకు ఆ మూల కూలిపోయింది. మిగిలింది రోడ్డు కంట్రాక్టరు ఎత్తుకుపోయాడు. సూపరింటెండెంటు స్వయంగా వచ్చి, ఇసుక చూసి, దిబ్బ ఏదని నన్నే అడిగారు. నేను గీసిన కాగితం చేతికిచ్చాను. దాన్ని ఫైలులో పెట్టుకున్నారు గాని, మెమో రద్దు చేయలేదు.

తర్వాతి సర్వీసంతా ఏ ఊరు వెళ్ళినా, అక్కడ మట్టి తవ్వుకు బతికేవాళ్ళను ముందు అడిగాను. కనిపించింది అప్పటికప్పుడే గీసుకున్నాను. పై అధికారికి ఉత్తరం ఆ తర్వాతే రాశాను.