గోడవతలి కేకు

మొన్న ఆదివారం నేను నాంపల్లికి వెళ్లింది కేకులు రుచి చూడ్డానికి. పిలిచింది ఎవరో కాదు, అమ్మ బతికున్నప్పుడు పక్క పోర్షన్‌లో కిరాయికి దిగిన పిల్ల. ఇప్పటికీ అక్కడే ఉంది. కొత్తగా ఇంట్లోనే కేకులు చేసి అమ్మడం మొదలుపెట్టిందట. "అక్కా, జర వచ్చి తిని చెప్పు. బాగలేకుంటే బాగలేదనే చెప్పు, ఏం ఫికర్ లేదు" అని ఫోన్ చేసింది. అమ్మ పోయాక నేను ఆ గల్లీలో అడుగుపెట్టలేదు. వెళ్లనా వద్దా అని గుంజాటన పడి, చివరికి అబిడ్స్‌లో బస్సు దిగాను.

ఆదివారం కదా, ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు. ఒకప్పుడు ప్రతి ఆదివారం నాది ఇదే దారి. అమ్మ కోసం ఏదో ఒక పాత వారపత్రిక బేరమాడి కొని, నడుచుకుంటూ నాంపల్లి చేరేదాన్ని. గల్లీ మలుపులోనే సోంపు వాసన తగిలేది.

అది అమ్మ కేకు. ఓవెన్ లేదు, గుడ్డు లేదు. బొంబాయి రవ్వ, పెరుగు, మీగడ, చక్కెర, దంచిన సోంపు, ఎండబెట్టి పొడి చేసిన సంత్రా పండు తొక్క. అల్యూమినియం గిన్నెలో ఇసుక పోసి, అందులో ఇంకో గిన్నె దింపి, పొయ్యి మీద సన్నని మంట మీద పెట్టేది. చీరలకు ఫాల్స్ కుడుతూ మిషన్ తొక్కీ తొక్కీ ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. అయినా నేను వచ్చే రోజు పొయ్యి ముందు నిలబడాల్సిందే. "నాకు చెప్పరాదే, నేనే చేసుకొని తెస్త" అని ఎన్నిసార్లు అడిగానో. "కొలత గిలత ఏం లేదు బిడ్డా, అంతా అందాజ. చెప్తే రాదు" అనేది. పోనీ పక్కన నిలబడి చూద్దామంటే, సరిగ్గా పిండి కలిపే వేళకు "పో, పాల ప్యాకెట్ తీస్కరా" అని తోలేది. నేను తిరిగొచ్చేసరికి గిన్నె పొయ్యెక్కి కూర్చునేది. మా అమ్మ మొండిది. నేనూ తక్కువదాన్ని కాదు గానీ, ఆ ఒక్క విషయంలో ఆమెదే పైచేయి.

అమ్మ పోయాక ఆ రుచి కోసం నేను పడ్డ పాట్లు చెప్పుకుంటే సిగ్గుచేటు. ఒకసారి రాయిలా గట్టిపడింది, ఇంకోసారి తియ్యటి ఉప్మా అయింది. మా ఆయన నమిలి నమిలి "బానే ఉంది" అన్నాడు. అంతకన్నా తిట్టినా బాగుండేది. ఆ అందాజ అమ్మతోనే పోయిందని మనసుకు సర్దిచెప్పుకున్నాను.

నేను వెళ్లి కూర్చోగానే పిల్ల కాగితం కప్పుల్లో ముక్కలు పెట్టి నా ముందుంచింది. చాక్లెట్ బాగుంది. బటర్‌స్కాచ్‌లో క్రీము ఎక్కువైందంటే తలూపింది. మూడోది పైన క్రీము గీము లేని గోధుమరంగు ముక్క. నోట్లో పెట్టుకున్నాను.

సోంపు. దాని వెనకే సంత్రా తొక్క చిరుచేదు. పళ్ల కింద రవ్వ.

"ఇది ఎవరు నేర్పిన్రు నీకు?" అన్నాను.

పిల్ల వెనక్కి తిరిగి వంటగట్టు వైపు చూసింది. అక్కడ ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంది, అంచు నొక్కుకుపోయింది. లేచి వెళ్లి తిప్పి చూశాను. దాని మీద చెక్కింది మా నాన్న పేరు. అమ్మ సామాను సర్దినప్పుడు ఎంత వెతికినా దొరకని గ్లాసు అది.

"ఆంటీనే ఇచ్చింది అక్కా. రవ్వ గీ గ్లాసు నిండ, పెరుగు సగం. గిట్లనే కొలువాలె అని దగ్గర కూసోబెట్టుకొని నేర్పింది."

కొలత! కొలత గిలత లేదన్న మా అమ్మ గ్లాసు పెట్టి మరీ నేర్పింది! కన్నబిడ్డను పాల ప్యాకెట్‌కు తోలి, గోడవతలి పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంటుందా? పోయిన మనిషి మీద ఇంత కోపం వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"మరి నాకెందుకు చెప్పలే? నేనేం పాపం జేసిన?"

"నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది అక్కా. దాచబుద్ధి గాలే, అందుకే పిలిచిన."

"ఎందుకు చెప్పొద్దంట?"

పిల్ల కాగితం కప్పులు సర్దుతూ చెప్పింది. "'నువ్వు గోడవతలనే ఉంటవ్, నీకు చెప్తే ఏం గాదు. నా బిడ్డకు చెప్తే ఇంట్లనే చేస్కుంటది. ఇగ ఆదివారం గీడికెందుకొస్తది?' అన్నది."

నాకు తీపి పెద్దగా పడదు. అమ్మ ముందు ఒక ముక్క తిని, మిగతాది డబ్బాలో పెట్టుకొని పోయేదాన్ని. నేర్పమని అడిగింది ఆమె మోకాళ్లను చూడలేక.

పిల్ల గ్లాసు తీసుకొమ్మని నా చేతిలో పెట్టింది. మళ్లీ గట్టు మీదే బోర్లించాను. "రుచి ఎట్లున్నదో చెప్పకపోతివి అక్కా" అంది భయంభయంగా. "అచ్చం అమ్మ చేసినట్టే ఉన్నది" అని బయటికి వచ్చేశాను.

అమ్మ ఉన్న పోర్షన్ గుమ్మంలో ఇప్పుడు ఎవరివో చెప్పులున్నాయి. తలుపు వేసే ఉంది. లోపల ఎవరున్నారో, ఏమనుకుంటారో అని కూడా చూసుకోలేదు, పైకే అనేశాను.

"కేకు లేకున్నా వస్తుంటి గదనే, అమ్మా!"