అవ్వ గిన్నెలో ప్లాస్టిక్ పూలు

అవ్వ పోయి దినాలన్నా కాలేదు. ఆమె గిన్నెను ఎత్తుకుపోయి హోటల్ ముందు చెట్టు మొద్దు మీద పెట్టి, అందులో ప్లాస్టిక్ పూలు గుచ్చారు. ఆ పని చేసింది మేము కిరాయికుండే ఇంటి సేటు. తెలియక చేశాడని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. అది ఏ గిన్నెనో సేటుకు బాగా తెలుసు. ఎట్లా తెలుసో చెప్తాను. ముందు అవ్వ గురించి చెప్పాలి.

జనగామలో రైలు పట్టాలకు ఇవతల, ఒకే వాకిలి చుట్టూ మూడు అర్రలున్న ఇల్లు అది. ఒక అర్ర అవ్వది. పక్కది నాది. మాది తరిగొప్పుల, ఇక్కడ వెల్డింగ్ పని చేస్తాను. ఎదురు అర్రలో బట్టల దుకాణంలో పనిచేసే భూపాలపల్లి అక్క ఉంటుంది. అవ్వ మా ఇద్దరికీ చుట్టం కాదు. ఆ శుక్రవారం పొద్దున వాకిలి ఊడ్చే చప్పుడు వినపడలేదు. అక్క పోయి తలుపు తోసింది. అవ్వ నిద్రలోనే పోయింది. వాకిట్లో ఆమె పొయ్యి పక్కన తాంబాళంలో బొబ్బెర్లు నానబెట్టి ఉన్నాయి. ఆ సాయంత్రం గిన్నెలో పడాల్సిన బొబ్బెర్లు అవి.

అవ్వది మహబూబాబాద్ దిక్కు. ఆమె మాత్రం మానుకోట అనే అనేది. వయసులో ఉన్నప్పుడు హైదరాబాద్‌లో ఒక డాక్టరమ్మ ఇంట్లో వంటకు కుదిరింది. ఆ డాక్టరమ్మది హంగేరీ దేశం, యూదుల ఇంటి మనిషి. పెద్ద యుద్ధానికి ముందు ప్రాణం దక్కించుకొని ఇక్కడికి వచ్చింది. అక్కడ ఉండిపోయిన ఆమెవాళ్లు ఎవరూ మిగలలేదు. ఆమె ఓడెక్కించి తెచ్చుకున్న సామానులో ఈ గిన్నె ఒకటి. నల్లటి పోత ఇనుము, మూతతో కలిపి ఎత్తితే నడుము పట్టుకుంటుంది. ఇంత బరువు ఎందుకు మోసుకొచ్చినవమ్మా అని అవ్వ అడిగితే, "మా అమ్మది" అన్నదట.

డాక్టరమ్మ శనివారం నిప్పు ముట్టేది కాదు. అది వాళ్ల ఆనవాయితీ. శుక్రవారం పొద్దుగూకక ముందే చిక్కుడు గింజలు, బార్లీ, ఉల్లిగడ్డలు, మాంసం ముక్కలు, పెంకు తీయని గుడ్లు అన్నీ ఈ గిన్నెలో వేసి, మూత చుట్టూ పిండి మెత్తి, సన్నటి నిప్పుల్లో పెట్టి వదిలేయాలి. మళ్లీ శనివారం మధ్యాహ్నం మూత తీయడమే. ఆ వంటను వాళ్లు షోలెత్ అంటారు. అవ్వ షోలెట్టు అనేది.

అవ్వ దాన్ని మన గింజలతో వండింది. చిక్కుడు గింజల బదులు బొబ్బెర్లు, బార్లీ బదులు దంచిన జొన్నలు. హంగేరీలో వంటకు రంగు, వాసన రావడానికి కారంలేని ఎర్ర మిరపపొడి వేస్తారట. అది ఇక్కడ దొరకక డాక్టరమ్మ పరేషాన్ అవుతుంటే, అవ్వ మానుకోట నుంచి చపాట మిరపకాయలు తెచ్చి దంచి ఇచ్చింది. టమాటలాగా లావుగా, ఎర్రగా ఉండి కారం తక్కువుండే కాయ అది. డాక్టరమ్మ ఆ పొడి వాసన చూసి అట్లనే కుర్చీలో కూర్చుండిపోయిందట. అవ్వ ఏమైందోనని భయపడ్డదట.

కన్నుమూసే ముందు డాక్టరమ్మ ఆ గిన్నె అవ్వకే ఇచ్చింది. అవ్వ దాన్ని గోనెసంచిలో చుట్టి రైల్లో జనగామకు తెచ్చుకుంది. పిల్లలు లేరు. పెనిమిటి తొందరగానే పోయాడు. చేతనైనన్ని రోజులు ఒక హాస్టల్లో వంట చేసింది, తర్వాత ఈ అర్రలో ఉండిపోయింది. గిన్నె ఇస్తూ డాక్టరమ్మ చెప్పిన మాటను మాకు చాలాసార్లు చెప్పింది.

"గీ గిన్నె ఒక్కరికి వండనీకి చెయ్యలేదు బిడ్డా. నువ్వు ఒక్కదానివే ఉన్నా సరే, ఎవలనన్న పిలిచి మూత తియ్యి అన్నది. పాపం, ఆమె మాత్రం బల్ల కాడ ఒక్కతే తింటుండె. నన్ను కూసోమనేది. నేను పనిమనిషిని గదా, కూసోలే. కూసుంటే బాగుండు."

వారమంతా అవ్వ పొయ్యి మిగిలినవాటితోనే నడిచేది. నిన్నటి అన్నంలో ఉల్లిగడ్డ, చపాట పొడి కలిపి, ఉడుకునీళ్లలో మెత్తబడ్డ గోబిగడ్డ, అదే క్యాబేజీ, ఆకుల్లో చుట్టి చింతపులుసులో పెట్టేది. ఎండిపోయిన జొన్నరొట్టెలను పొడి చేసి, గుడ్డు కొట్టి, ఉండలు కట్టి చారులో వేసేది. డాక్టరమ్మ ఇంట్లో పొంగని రొట్టెల పొడితో అట్లాంటి ఉండలే చేసేవాళ్లట. ఆలుగడ్డ తురుముతో పెనం మీద బిళ్లలు కాల్చేది. ఏది హంగేరీదో, ఏది మానుకోటదో తినేటప్పుడు మాకు తెలిసేది కాదు.

ఒకరోజు అక్క తన గిన్నె పట్టుకొని మోరీలో పారబోయడానికి పోతుంటే అవ్వ ఆపింది.

"ఏందే అది?"

"నిన్నటి పప్పు అవ్వా. మిగిలింది."

"మిగిలింది అనకు. ఉన్నది అను. ఇటు తే."

ఆ పప్పులో పండుమిరప, టమాట, గుడ్లు వేసి ఆమె ఏం చేసిందో నాకు పేరు తెలియదు. ముగ్గురం తిన్నాం. పప్పు తెచ్చిన అక్కే గిన్నె అడుగు నాకింది.

శనివారం అందరికంటే ముందు నేనే చేతులు కడుక్కొని కూర్చునేవాణ్ణి. అవ్వ గరిటె వెనుకవైపుతో గట్టిపడ్డ పిండిని కొట్టేది. మూత లేవగానే వచ్చే వాసనకు పట్టాల మీద పోయే రైలు కూడా ఆగాలి అనేది అక్క. రాత్రంతా నిప్పుల్లో ఉన్న గుడ్లు లోపలిదాకా చాయ రంగుకు వచ్చేవి. బొబ్బెర్లు నోట్లో వెన్నలా కరిగేవి. ఆ రోజు మాత్రం, డాక్టరమ్మ ఇంటి పద్ధతని, పెరుగు ఇచ్చేది కాదు.

"అవ్వా, జర పెరుగు పొయ్యి."

"గిండ్ల మాంసమున్నది. పెరుగు పొయ్య."

"నువ్వేమన్న యూదురాలివా?"

"నేను గాదు, గిన్నె. దాని మర్యాద దానికుంటది. నోరు మూసుకొని తిను."

ఒకసారి మూత మీది చెవి విరిగింది. అతికిస్తానని నేనే తీసుకున్నాను. ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండా చూసి చూసి నేర్చుకున్న పని నాది. పోత ఇనుము సంగతి నాకు సరిగా తెలియదు. మొదటి అతుకు చల్లారుతుండగానే టప్పుమని పగిలింది. అవ్వ పక్కనే పీట వేసుకొని చూస్తున్నది.

"నేను గా గిన్నెను ఎన్నడు ఒక్కసారిగ సల్లారనియ్య బిడ్డా. బూడిదలనే మెల్లగ సల్లారాలె. నువ్వు గూడ గట్లనే పెట్టి సూడు."

మూతను బాగా కాల్చి, మళ్లీ అతికి, ఆమె పొయ్యిలోని ఊక బూడిదలో పూడ్చిపెట్టాను. పొద్దున తీస్తే అతుకు నిలిచింది. కాని నున్నగా రాలేదు, చింతగింజలాగా ఉబ్బింది. అరగదీస్తానంటే అవ్వ వద్దన్నది. "ఉండనీ. పట్టుకుంటే నీదని చేతికి తెలుస్తది."

ఇక సేటు సంగతి.

సేటు భార్య ఒక శుక్రవారం సాయంత్రం నల్లా చూడటానికి మా వాకిట్లోకి వచ్చింది. అవ్వ అప్పుడు మూతకు పిండి మెత్తుతున్నది. పక్కన ఎర్ర మిరపకాయలు, రెండు గుడ్లు, ముందర పొయ్యిలో బూడిద గుంత. ఆ వారం సేటు మనవడికి జ్వరం. ఆమె ఏమీ అడగలేదు, వెనక్కి తిరిగి పోయింది. తెల్లారేసరికి గల్లీ అంతా ఒకటే మాట. ముసలిది శుక్రవారం పూట బూడిదలో గుడ్లు పూడుస్తున్నది, బాణామతి చేస్తున్నది అని. మధ్యాహ్నం సేటే వచ్చాడు. మేము అప్పుడే మూత తీశాం.

"ఏం పెడ్తున్నవే మా ఇంట్ల?"

"బొబ్బెర్లు సేటు."

"బొబ్బెర్లు బూడిదల ఎవలన్న పెడ్తరా?"

"పెట్టెటోళ్లు పెడ్తరు. తిని సూడు."

అవ్వ ఒక గుడ్డు ఒలిచి సగం తాను తిన్నది. మిగతా సగం ఆయన ముందు పట్టింది. లోపల గోధుమరంగులో ఉన్న ఆ గుడ్డును చూసి సేటు చెప్పులు వెనక్కి జరిగాయి.

"గా గిన్నె నా ఇంట్ల ఉంటే అరిష్టం. మల్ల కనవడ్డదంటే అర్ర ఖాళీ చెయ్యాలె."

డాక్టరమ్మ సంగతి, శనివారం సంగతి నేను ఆయన్ని నిలబెట్టి చెప్పాను. విన్నాడు, తల ఊపాడు. అందుకే తెలియదు అనే మాట నేను ఒప్పుకోనన్నది. పిల్లగాడి జ్వరం తగ్గింది. మాట తగ్గలేదు. గల్లీలో అవ్వ చేతి మంచినీళ్లు తాగేవాళ్లు లేకుండా పోయారు. బతుకమ్మ నాడు ఆమె పక్కకు ఎవరూ నిలబడలేదు. అందరూ ఒక చుట్టుగా తిరుగుతుంటే, ఆమె ఆ చుట్టుకు బయట, తనకు తానే చప్పట్లు కొట్టుకుంటూ ఒక్కతే తిరిగింది. ఇంటికి వచ్చి, "బాగాడిన బిడ్డా" అన్నది. ఆ తర్వాత గిన్నె మీద గంప బోర్లించి పెట్టేది. వండటం మాత్రం ఒక్క శుక్రవారం కూడా ఆపలేదు.

అవ్వ పోయిన నాడు ఆమెను మోసుకుపోవడానికి గల్లీ నుంచి మనుషులు రాలేదు. మా వెల్డింగ్ దుకాణం వాళ్లను పిలిచాను. మానుకోట నుంచి అవ్వ అన్న కొడుకు వచ్చి నిప్పు పెట్టాడు. చీరలు, పెట్టె తీసుకొని, గిన్నె దగ్గర ఆగాడు. "ఇది మాకొద్దు తమ్మీ. దీని మీద మాటలున్నయి" అని దాన్ని అర్రలోనే వదిలి వెళ్లిపోయాడు. తాంబాళంలో బొబ్బెర్లు ఆదివారానికి తెల్లగా మొలకలెత్తాయి. వాటిని ఏం చెయ్యాలో మాకు తోచలేదు. అవ్వ ఉంటే తోచేది.

రెండు రోజులకు సేటు అర్రకు కొత్త తాళం వేశాడు.

తర్వాతి వారం రఘునాథపల్లి దాటినాక రోడ్డు పక్కన కొత్తగా పెట్టిన హోటల్లో మెట్లకు కడ్డీలు బిగించాలని పిలిస్తే పోయాను. హోటల్ సేటుదేనని అక్కడికి పోయాక తెలిసింది. గుమ్మం ముందు ఎడ్లబండి చక్రం, పాత కందిలి దీపం, చెట్టు మొద్దు మీద నల్లటి గిన్నె. గిన్నెలో గులాబీ రంగు ప్లాస్టిక్ పూలు. మూతను పక్కకు ఆనించి పెట్టారు. నేను చెవి పట్టుకున్నాను. చింతగింజ చేతికి తగిలింది.

సేటు గల్లా దగ్గరే ఉన్నాడు.

"ఇది అవ్వ గిన్నె గదా సేటు?"

"అయితే ఏంది? అర్ర నాది, అండ్ల ఇడిసిపెట్టిన సామాను నాది."

"ఇంట్ల ఉంటే అరిష్టమన్నవ్ గదా."

"ఇంట్ల అన్న. హోటల్ల అనలే." ఆయన నవ్వాడు. "దాని పక్కన నిలవడి జనం ఫోటోలు దిగుతున్నరు. నీకేం నొప్పి? నువ్వేమైతవ్ ఆమెకు?"

కడ్డీలు బిగించకుండానే సామాను సర్దుకొని వచ్చాను. వచ్చేటప్పుడు హోటల్ వెనక చూశాను. అన్నం, రొట్టెలు, కూరలు గుంతలో గుట్టగా పడి ఉన్నాయి.

శనివారం మధ్యాహ్నం అలవాటుగా పని ఆపి వచ్చాను. అక్క కూడా వచ్చింది. అవ్వ అర్రకు తాళం. ఇద్దరం కాసేపు వాకిట్లో నిలబడి, ఎవరి అర్రలోకి వాళ్లం పోయి, ఎవరి పొయ్యి వాళ్లం ముట్టించుకున్నాం. కుక్కర్లో బొబ్బెర్లు పెట్టాను. ఉడికాయి. అంతే. గోడ అవతల అక్క పళ్లెం చప్పుడు వినపడింది. నా పళ్లెం చప్పుడు ఆమెకు వినపడి ఉంటుంది.

సేటు, ఇక నీతో మాట్లాడుతున్న. ఆమెకు నేనేమైతనని అడిగినవ్. ఆమె మూత తియ్యనీకి పిలిచిన మనిషిని. ఆ గిన్నె నాకు వద్దు, వాకిట్లో ఉండాలె. గల్లీలో ఎవరు వచ్చినా కూర్చోబెడతాం, నువ్వు వచ్చినా కూర్చోబెడతాం. గంప కూడా కప్పం. అది యూదుల శనివారం గిన్నె అని, బాణామతి గిన్నె కాదని నీ నోటితోనే గల్లీలో చెప్పు. అవ్వకు ఆ ఒక్క మాట బాకీ ఉన్నవ్.

శుక్రవారం పొద్దుగూకక ముందే గిన్నె నిప్పుల్లో పడాలె. బొబ్బెర్లు గురువారమే నానెయ్యాలె. అక్క భూపాలపల్లి నుంచి చపాట కాయలు తెచ్చి ఆరబెట్టింది. ఊక తెచ్చి పెట్టిన. వాకిట్లో అవ్వ పొయ్యిలో బూడిదను నేను కదిలించలేదు. గిన్నె కూర్చున్న చోట గుండ్రటి గుంత అట్లనే ఉన్నది. ఇస్తవో ఇయ్యవో, గురువారం దీపాలు పెట్టేలోపు జవాబు చెప్పు.