మేడ మీద గెలిచిన మోడెమ్

మా అక్కకు 3జీ మోడెమ్ ఇప్పించింది నేనేనని మా ఇంట్లో అందరికీ తెలుసు. మేడ మీద పందెం పెట్టి, బావను చిత్తుగా ఓడించి మరీ ఇప్పించాను. ఎవరికీ తెలియనిది ఒకటుంది. పందేనికి ముందురోజే ఆ మోడెమ్‌ను అక్క గదిలో పెట్టి చూశాను. అక్కడ అది పనిచేయలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అది 2011, మన దగ్గర 3జీ కొత్తగా వచ్చిన రోజులు. నేను చిక్కడపల్లిలో ఉండేవాణ్ణి. అక్కావాళ్ళు అశోక్‌నగర్‌లో ఒక పాత ఇంట్లో కింది వాటా కిరాయికి తీసుకున్నారు. పై అంతస్తులు రెండూ గ్రూప్స్‌కు చదివే పిల్లల హాస్టల్. తన పిల్లలు కాలేజీల్లో చేరాక అక్కకు పగలు కాస్త తీరిక దొరికింది. నారాయణగూడలో ఒక ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళి, డాక్టర్లు రికార్డు చేసి పంపే మాటలను విని టైపు చేసే పని నేర్చుకుంది. ఒక కంపెనీ ఆమెను ఇంటి నుంచే నెల రోజులు చేసి చూపించమంది. ఆడియో ఫైలు దించుకోవాలి, టైపు చేయాలి, గడువులోగా పంపాలి. నచ్చితే ఉద్యోగం. పెళ్ళైనప్పటి నుంచి అక్క తనకోసం కావాలని అడిగింది అదొక్కటే.

దానికి నెట్ కావాలి. ల్యాండ్‌లైన్ మీద బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకుందామంటే వాళ్ళ సందులో ఖాళీ లైను లేదన్నారు. ఇక మిగిలింది కంప్యూటర్‌కు గుచ్చుకునే చిన్న మోడెమ్, అదే డాంగిల్. అందులో రెండు రకాలు. సీడీఎంఏ పాతది, దాని పెట్టె మీద వేగం 3.1 అని రాసి ఉంటుంది. 3జీ కొత్తది, దాని పెట్టె మీద 7.2. బావ పాతదాని పక్షం. నేనేమో నారాయణగూడలో 3జీ డాంగిల్ కొనేసి, దాన్ని చొక్కా జేబులో పెన్నులా పెట్టుకుని తిరుగుతున్నాను. నలభై దాటినవాణ్ణి, ఆ ఏడు పాయింట్ రెండును తలుచుకుంటే చాలు, మెట్లు రెండేసి చొప్పున ఎక్కేవాణ్ణి.

"బావా, మూడెక్కడ, ఏడెక్కడ?"

"బామ్మర్దీ, పెట్టె మీద రాసింది పెట్టె మీదనే ఉంటది. మా ఆఫీసోళ్ళ డాంగిల్ లిఫ్టుల గూడ నడుస్తది తెల్సా?"

"అయితే అక్కను లిఫ్టుల కూసోపెడ్తవా?"

ఆదివారం మేడ మీద తేల్చుకుందామని సవాలు విసిరాను. మేడ అని ఎందుకన్నానో ఇప్పుడు చెబుతున్నాను. శనివారం అక్క కూరగాయలకు వెళ్ళినప్పుడు ఆమె గదిలో డాంగిల్ గుచ్చి చూశాను. ఆ గది కిటికీ తెరిస్తే పక్కింటి గోడే. లేత నీలంగా వెలగాల్సిన లైటు ఆకుపచ్చకు తిరిగింది. అంటే 3జీ అందక పాత నత్తనడక నెట్‌వర్క్‌కు పడిపోయిందన్నమాట. ఒక్క పేజీ తెరుచుకోలేదు. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మెట్లెక్కాను. హాస్టల్ దాటేసరికి లైటు నీలమైంది. మేడ మీదైతే, లోయర్ ట్యాంక్‌బండ్ వైపు టవరు ఎదురుగా కనిపిస్తుంటే, ధగధగలాడింది. ఆ నీలం చూసిన సంతోషంలో కింది గదిని పక్కకు నెట్టేశాను.

ఆదివారం మేడ కిక్కిరిసింది. హాస్టల్ పిల్లలు పుస్తకాల్లో వేళ్ళు ఇరికించుకునే వచ్చారు. ఓడినవాళ్ళు మేడ మొత్తానికి మిర్చి బజ్జీలు తినిపించాలని వాళ్ళే తీర్మానించారు. బావ తన ఆఫీసు మిత్రుడి దగ్గర తెచ్చిన డాంగిల్‌ను రుమాలుతో తుడిచి, ఆఫీసు ల్యాప్‌టాప్‌కు గుచ్చి, కుర్చీ మీద బుద్ధిగా అమర్చుకున్నాడు. నేను అక్క వంటింట్లోంచి ఇనుప జాలీ ఉన్న పిండి జల్లెడ ఎత్తుకొచ్చి, దాని మధ్యలో డాంగిల్ కట్టి, పొడుగు వైరుతో ల్యాప్‌టాప్‌కు కలిపి, బట్టలారేసే తీగకు వేలాడదీశాను. అలా చేస్తే సిగ్నల్ అంతా ఒకచోటికి చేరుతుందని ఎక్కడో చదివాను.

"అన్నా, ఏంది, తీగ మీద పిండి జల్లిస్తున్నవా?" అన్నాడు ఒకతను.

"ఆగు తమ్మీ, ఇంకో నిమిషంల మీ నోర్లు మూతపడ్తయ్!"

అక్క మూడు లెక్కపెట్టింది. ఇద్దరం ఒకే వీడియోను దించడం మొదలుపెట్టాం. స్క్రీన్ మీద ఎంత దిగిందో చూపించే నా గీత దూసుకుపోయింది. పిల్లలు క్రికెట్ కామెంట్రీ ఎత్తుకున్నారు. ఒకతను బకెట్ బోర్లించి వాయించాడు. బావ గీత ఎక్కడా ఆగలేదు, ఎక్కడా తొందరపడలేదు, అలా పాకుతూనే ఉంది. నాది పూర్తయ్యేసరికి దానిది సగం కూడా కాలేదు. జల్లెడను కిరీటంలా నా నెత్తిన బోర్లించి పిల్లలు మేడంతా తిప్పారు. బావ నవ్వుతూ బజ్జీల కోసం చిక్కడపల్లి బండి దగ్గరికి బయల్దేరాడు. అక్క నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"తమ్మీ, కింద నా రూంల గూడ గిట్లనే వస్తదా?"

"ఎందుకు రాదక్కా!" అన్నాను, జల్లెడ సర్దుకుంటూ.

ఆ నెలంతా ఏం జరిగిందో వేరే చెప్పక్కర్లేదు. కింద లైటు ఆకుపచ్చే. ఫైలు దిగడానికే గడువులో చాలా భాగం కరిగేది. పంపేటప్పుడు అక్క ల్యాప్‌టాప్ ఎత్తుకుని మేడెక్కి, ఎండలో నీళ్ళ ట్యాంకు నీడను వెతుక్కుంటూ కూర్చునేది. "పాతది తెచ్చియ్యనా?" అని బావ అడిగితే, "కొత్త టవర్లు పెడ్తున్నరు, జర ఆగు బావా" అన్నాను. నెలాఖరుకు కంపెనీ, ఆలస్యమవుతోందని చెప్పి పని ఆపేసింది. అక్క ఎవరినీ ఏమీ అనలేదు. "నెట్ అందరికి గిట్లనే ఉంటది గద, అయినా మిగిలినోళ్ళందరు చేస్తున్నరు. నా చేతులే స్లో" అంది. అప్పటి నుంచి మా ఇంట్లో ఆ కథ అలాగే స్థిరపడింది. అక్కకు టైపింగ్ వేగం చాలలేదని చెప్పుకునేవాళ్ళం. నేను కూడా పక్కనే కూర్చుని తలూపేవాణ్ణి.

2014లో ఆ సందులోకి కొత్త కేబుల్ నెట్ వచ్చింది. అది పెట్టించిన రోజు భోజనాల దగ్గర మా ఆవిడ, "వదినా, ఇప్పుడన్న ఆ టైపింగ్ పని మళ్ళ చెయ్యరాదు?" అంది.

"అయ్యో, నా చేతుల సంగతి అప్పుడే తేలిపాయె కదా!" అని అక్క నవ్వింది.

ముద్ద నోటిదాకా వెళ్ళలేదు నాకు. శనివారం సంగతి, ఆకుపచ్చ లైటు సంగతి, అంతా చెప్పేశాను. అక్క తన వేళ్ళ వైపు చూసుకుంది.

"అంటే నేను స్లో కాదా?"

"కాదక్కా."

"ఎండల ట్యాంకు పక్కన కూసోని ఎంత ఏడ్చిననో నీకు ఎరుకనా?" అంది. ఇంతలో ఆమె దిగ్గున లేచి వంటింట్లోకి వెళ్ళి పిండి జల్లెడతో వచ్చింది. అప్పటికే ఆమె పెదవుల మీద నవ్వు తొంగిచూస్తోంది. "నడువు మీదికి. యాడ గెలిచినవో ఆడనే చెప్పాలె. మీ బావను గూడ రమ్మను."

మేడ మీద కొత్త బ్యాచ్ పిల్లలు చదువుకుంటున్నారు. అక్క జల్లెడను నా నెత్తిన బోర్లించి, వాళ్ళందరినీ దగ్గరికి పిలిచింది. "ఇగ చెప్పు, గట్టిగ చెప్పు" అంది. పిల్లలు అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు. నాకూ నవ్వొచ్చింది.

"బావా, నువ్వు చెప్పిందే కరెక్టు, నాకు ముందురోజే తెల్సు. అక్కా, నీ చేతులు స్లో కాదు, నేనే నోరు మూసుకున్న. నాదే తప్పు. ఇద్దరు నన్ను మాఫ్ చెయ్యుండ్రి."